శాంతినికేతన్ పాఠశాలలో సంగీత, నాటక కార్యక్రమాలు

పశ్చిమ బెంగాల్ రాష్ట్రంలోని బీర్భూమ్ జిల్లా, బోల్పూర్ పట్టణానికి సమీపాన ఉన్న శాంతినికేతన్‌లో విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ 1901లో ఒక పాఠశాలను స్థాపించాడు. సంగీతాన్ని, నాటకాన్ని వార్షికోత్సవానికి మాత్రమే పరిమితం చేయక, నిత్య విద్యాభ్యాసంలో భాగంగా చేసిన ఆధునిక భారతీయ పాఠశాలలలో ఇది ప్రముఖమైనది. ఈ పాఠశాలకే తరువాతి కాలంలో పాఠభవన్ అన్న పేరు వచ్చింది. ఇది విశ్వభారతి విశ్వవిద్యాలయంలో అంతర్భాగం. ఠాగూర్ రచించిన నాటకాలలో పలు ముఖ్యమైనవి ఈ పాఠశాల విద్యార్థులు ఆడటానికి వ్రాసినవే. పాటకు, ఆటకు చదువులో సమాన స్థానం ఇవ్వాలన్న ఈ ప్రయత్నం ధనాభావాన్నీ, లోకనిందనూ ఎదుర్కొని నిలిచింది.

నేపథ్యం

రవీంద్రుని తండ్రి దేవేంద్రనాథ్ ఠాగూర్ 1863లో బోల్పూర్ వద్ద కొంత భూమిని తీసుకొని ధ్యానానికి అనువైన ఆశ్రమాన్ని ఏర్పరచాడు. ఆ ఆశ్రమంలోనే 1901 డిసెంబరు 22న రవీంద్రుడు అయిదుగురు విద్యార్థులతో బ్రహ్మచర్యాశ్రమం అన్న పేరుతో పాఠశాలను ప్రారంభించాడు. ఆ అయిదుగురిలో ఆయన పెద్ద కుమారుడు రథీంద్రనాథ్ ఒకడు. పాఠశాల నిర్వహణ కోసం రవీంద్రుడు పూరీలోని ఇంటిని అమ్మివేశాడు. భార్య మృణాళినీదేవి తన నగలను ఇచ్చింది.

రవీంద్రునికి తాను బాల్యంలో చదివిన పాఠశాలల మీద సదభిప్రాయం లేదు. నాలుగు గోడల మధ్య, బల్లల మీద కదలకుండా కూర్చోబెట్టి పాఠాలు వల్లె వేయించే పద్ధతి పిల్లల మనసును ఎండగడుతుందని ఆయన భావించాడు. అందువలన తరగతులు చెట్ల క్రింద జరిగేవి. పిల్లలు ఋతువుల మార్పును కళ్ళారా చూడాలి, చూసినదాన్ని పాడాలి, ఆడాలి అన్నది ఆయన ఆశయం. పాఠశాలలోని సంగీత, నాటక కార్యక్రమాలన్నింటికీ ఈ భావనే మూలం.

సంగీత బోధన

తొలినాళ్ళ నుండి పాఠశాల దినచర్య పాటతో మొదలై పాటతో ముగిసేది. తెల్లవారుజామున కొందరు బాలురు బృందంగా పాడుతూ ఆశ్రమమంతా తిరిగి తోటివారిని నిద్ర లేపేవారు. రాత్రి పడుకునే ముందు కూడా ఇదే విధంగా పాడేవారు. ఈ పద్ధతిని వైతాళికం అంటారు. పూర్వం రాజులను మేలుకొలిపే వందిమాగధులకు చెందిన ఈ మాట ఇక్కడ పిల్లల పాటకు పేరైంది. బుధవారం పాఠశాలకు సెలవు. ఆనాడు ఉపాసనా మందిరంలో జరిగే ప్రార్థనలో కూడా విద్యార్థులే పాడతారు. ఠాగూర్ రచించిన "ఆమాదేర్ శాంతినికేతన్" ఈ ఆశ్రమ గీతం.

పాఠశాల సంగీతానికి వెన్నెముకగా నిలిచినవాడు దినేంద్రనాథ్ ఠాగూర్ (1882-1935). ఈయన రవీంద్రుని పెద్దన్న ద్విజేంద్రనాథ్‌కు మనుమడు. రవీంద్రుడు కొత్త పాటకు బాణీ కట్టిన వెంటనే దినేంద్రనాథ్‌ను పిలిచి నేర్పేవాడు. ఆలస్యమైతే బాణీని తానే మరచిపోయేవాడు. దినేంద్రనాథ్ దాన్ని గుర్తుంచుకొని, స్వరలిపి వ్రాసి, పిల్లలకు నేర్పేవాడు. ఈ విధంగా ఠాగూర్ పాటలు ఎన్నో అచ్చు కావడానికి ముందే పిల్లల గొంతులలో నిలిచాయి. రవీంద్రుడు ఫాల్గుణి నాటకాన్ని దినేంద్రనాథ్‌కు అంకితమిస్తూ ఆయనను తన పాటలన్నిటికీ భాండాగారిగా పేర్కొన్నాడు.

పాఠశాలలో ప్రధాన వాద్యం ఏస్రాజ్. ఇది కమానుతో వాయించే తంత్రీవాద్యం. హార్మోనియం స్వరాలు మెట్ల వలె విడివిడిగా ఉండి, ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారే భారతీయ గాన పద్ధతికి సరిపడవని ఆనాడు పలువురు సంగీతజ్ఞులు భావించేవారు. ఠాగూర్ కూడా ఆ వాద్యానికి వ్యతిరేకి. ఆశ్రమంలో దాని వాడకాన్ని ఆయన నిషేధించాడు. అదే కాలంలో తెలుగునాట పద్యనాటకానికి హార్మోనియమే ప్రాణంగా ఉండటం గమనింపదగినది.

1919లో కళాభవన్ ఏర్పడినపుడు చిత్రకళతో పాటు సంగీతం కూడా అందులోనే ఉండేది. తరువాత సంగీత భవన్ ప్రత్యేక శాఖ అయింది. రసాయన శాస్త్రం బోధించడానికి 1932లో వచ్చిన శైలజారంజన్ మజుందార్ పాటల మీద మక్కువతో సంగీతోపాధ్యాయుడై, 1939లో సంగీత భవన్‌కు అధ్యక్షుడయ్యాడు. ఏ శాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడైనా పాటలో పాలు పంచుకోవడం ఈ పాఠశాల వాతావరణంలో సహజంగా ఉండేది. శాంతిదేవ్ ఘోష్ (1910-1999), కణికా బెనర్జీ (1924-2000) వంటి ప్రసిద్ధ రవీంద్రసంగీత గాయకులు బాల్యం నుండి ఈ వాతావరణంలో పెరిగినవారే.

ఋతూత్సవాలు

శాంతినికేతన్ ఉత్సవాలలో ప్రధానమైనవి ఋతువులకు సంబంధించినవి. వీటికి నాంది పలికినవాడు ఒక విద్యార్థి. రవీంద్రుని చిన్న కుమారుడు శమీంద్రనాథ్ 1907 ఫిబ్రవరిలో వసంత పంచమి నాడు తోటి పిల్లలను కూడగట్టి, ఋతువుల వేషాలు వేయించి, పాటలతో ఉత్సవం జరిపించాడు. అదే సంవత్సరం నవంబరులో, పదకొండేళ్ళు నిండక ముందే, ఆ బాలుడు కలరా సోకి మరణించాడు. అతడు మొదలు పెట్టిన ఉత్సవం మాత్రం ఆగిపోలేదు. కాలక్రమంలో అది విస్తరించి వసంతోత్సవంగా ప్రఖ్యాతి చెందింది. వర్షాకాలంలో వర్షామంగళం, 1928లో మొదలైన వృక్షారోపణం (మొక్కలు నాటే పండుగ), హలకర్షణం (నాగలి పట్టే పండుగ) తరువాత చేరాయి. ప్రతి ఉత్సవానికి తగిన పాటలను రవీంద్రుడు రచించాడు.

విద్యార్థుల కోసం నాటకాలు

1908లో వ్రాసిన శారదోత్సవ్ పాఠశాల నాటకాలలో తొలి ముఖ్యమైన రచన. శరదృతువులో సెలవులకు ముందు విద్యార్థులు ఆడటానికి దీనిని వ్రాశాడు. అప్పటికి నటులు బాలురే కనుక ఇందులో స్త్రీ పాత్రలు లేవు. సెలవు దొరికిన పిల్లలంతా ఆడుకుంటూ ఉండగా, ఉపనందుడనే బాలుడు మాత్రం మరణించిన తన గురువు చేసిన అప్పు తీర్చడానికి వ్రాతప్రతులకు నకళ్ళు వ్రాస్తూ కూర్చుంటాడు. ఆ గురువు వీణా విద్వాంసుడు. సన్యాసి వేషంలో వచ్చిన రాజు ఆ బాలుని పనిలో పాలు పంచుకుంటాడు. ప్రేమతో చేసిన పని కూడా పండుగేనన్న భావం ఈ కథలో ఉంది.

1911లో రచించిన అచలాయతన్ నేరుగా విద్యావిధానం మీద వ్యంగ్య నాటకం. ఎత్తయిన గోడల మధ్య, అర్థం తెలియని మంత్రాలు వల్లె వేస్తూ, కిటికీ తెరవడమే పాపంగా భావించే ఒక విద్యాలయం ఇందులోని రంగస్థలం. పాటలు పాడే పంచకుడనే విద్యార్థి ఆ నియమాలలో ఇమడలేడు. చివరకు గురువు స్వయంగా వచ్చి ఆ గోడలను కూల్పిస్తాడు. సంప్రదాయాన్ని ఎగతాళి చేశాడని ఆనాడు కొందరు దీనిని విమర్శించారు. ఒక పాఠశాల స్థాపకుడే విద్యాలయాలు చెడిపోయే తీరును నాటకంగా వ్రాసి, దానిని తన పాఠశాలలోనే ఆడించడం విశేషం.

అదే కాలంలో వ్రాసిన డాక్‌ఘర్ (తపాలా కార్యాలయం) జబ్బుతో గదికి పరిమితమై, కిటికీలో నుండి లోకాన్ని చూస్తూ రాజు వ్రాసే ఉత్తరం కోసం ఎదురుచూసే అమల్ అనే బాలుని కథ. 1913లో డబ్లిన్‌లోని అబ్బీ థియేటర్‌లో దీని ఆంగ్లానువాదాన్ని ప్రదర్శించారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో వార్సా ఘెట్టోలో అనాథ శరణాలయం నడిపిన యానుష్ కొర్చాక్ 1942 జూలై 18న తన పిల్లల చేత ఈ నాటకాన్ని ఆడించాడు. మరుసటి నెలలోనే నాజీలు ఆయననూ, ఆ పిల్లలనూ ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించారు.

ఫాల్గుణి (1915) పాటల ప్రధానమైన వసంత నాటకం. ఇందులో ప్రతి అంకానికి ముందు పాటలతో కూడిన ప్రస్తావన ఉంటుంది. బంకురా ప్రాంతంలో కరవు వచ్చినపుడు బాధితుల సహాయార్థం 1916 జనవరిలో దీనిని కలకత్తాలోని జొరాసంకో ఠాగూర్ భవనంలో ప్రదర్శించారు. రవీంద్రుడు అంధ బావుల్ గాయకుని పాత్ర ధరించాడు. ఉపాధ్యాయులు, విద్యార్థులు ఒకే నాటకంలో పక్కపక్కన నటించడం ఈ పాఠశాలలో పరిపాటి. రాజా నాటకంలో కూడా రవీంద్రుడు తాతగారి (ఠాకుర్దా) పాత్ర ధరించాడు.

రంగస్థల పద్ధతి

చిత్రించిన తెరలు, భారీ సెట్టింగులు నాటకానికి అవసరం లేదని ఠాగూర్ రంగమంచ్ అనే వ్యాసంలో వాదించాడు. చూసేవాని ఊహకు చోటు ఇవ్వాలని, బెంగాల్ పల్లెలలోని జాత్రా ప్రదర్శనలు ఇందుకు ఆదర్శమని ఆయన అభిప్రాయం. ఆనాడు తెలుగునాట సురభి సమాజాలు తెరలతోను, యంత్రాల సహాయంతో చేసే చమత్కారాలతోను ప్రేక్షకులను అలరిస్తుండగా, శాంతినికేతన్‌లో ఆకులు, పువ్వులు, రంగు వస్త్రాలు, ముగ్గులే అలంకరణ. కళాభవన్ అధిపతి నందలాల్ బోస్, ఆయన సహచరుడు సురేంద్రనాథ్ కర్ రంగాలంకరణను తీర్చిదిద్దారు. ఖర్చు తక్కువ కావడం వలన, ఎక్కడైనా ఆడగలగడం వలన ఈ పద్ధతి బీద పాఠశాలకు బాగా ఒదిగింది.

నృత్యం, బాలికల నటన

1919 నవంబరులో సిల్హెట్ వెళ్ళినపుడు రవీంద్రుడు మణిపురి నృత్యాన్ని చూసి ముగ్ధుడయ్యాడు. తరువాత త్రిపుర సంస్థానం నుండి బుద్ధిమంత సింగ్‌ను, కొన్నేళ్ళకు నవకుమార్ సింగ్‌ను ఉపాధ్యాయులుగా రప్పించాడు. మొదట బాలురకు నేర్పిన నృత్యం క్రమంగా బాలికలకు కూడా అందింది.

ఆ రోజులలో మర్యాదస్థుల ఇళ్ళలోని ఆడపిల్లలు బహిరంగ వేదిక మీద నాట్యం చేయడం నిషిద్ధంగా ఉండేది. 1926లో రవీంద్రుడు బాలికలు మాత్రమే నటించడానికి నటీర్ పూజా వ్రాశాడు. రాజాజ్ఞను లెక్కచేయక బుద్ధుని స్తూపం ఎదుట నాట్యంతో అర్చన చేసి ప్రాణం అర్పించిన శ్రీమతి అనే నర్తకి కథ ఇది. శ్రీమతి పాత్రలో నందలాల్ బోస్ కుమార్తె గౌరి నటించింది. 1927 జనవరిలో కలకత్తాలో ప్రదర్శించినపుడు, రాబోయే విమర్శను దృష్టిలో ఉంచుకొని రవీంద్రుడు ఉపాలి అనే భిక్షువు పాత్రను కొత్తగా చేర్చి, తానే ధరించి వేదిక మీద పిల్లలకు తోడుగా నిలిచాడు. బెంగాలీ మధ్యతరగతి కుటుంబాలలో నృత్యం పట్ల దృష్టి మారడానికి ఈ ప్రదర్శన తోడ్పడింది.

ఇదే మార్గంలో తాసేర్ దేశ్ (1933), నృత్యనాటికలైన చిత్రాంగద (1936), చండాలిక (1938), శ్యామ (1939) వెలువడ్డాయి. వీటిలో విద్యార్థులతో పాటు సంగీత భవన్ కళాకారులు పాల్గొన్నారు.

ఆర్థిక ఇబ్బందులు

పాఠశాల, విశ్వభారతి ఎప్పుడూ ధనం కొరతతోనే నడిచాయి. ప్రదర్శనల ద్వారా నిధులు సేకరించడం తప్పనిసరి అయింది. 1934లో శాపమోచన్ ప్రదర్శన కోసం బృందం సింహళం వెళ్ళింది. 1936లో డెబ్భై అయిదో ఏట రవీంద్రుడు చిత్రాంగద బృందంతో ఉత్తర భారతదేశంలో పర్యటించాడు. ఆ వయసులో ఆయన ఊరూరా తిరగడం చూసి బాధపడిన మహాత్మా గాంధీ ఢిల్లీలో రూ. 60,000 విరాళం ఏర్పాటు చేసి, పర్యటన విరమించవలసిందిగా కోరాడు. పిల్లల ఆనందం కోసం మొదలైన నాటకం సంస్థను పోషించే ఆదాయ మార్గంగా మారడం ఈ చరిత్రలోని ఒక వైరుధ్యం.

తెలుగువారితో సంబంధం

1919లో దక్షిణ భారత పర్యటనలో ఠాగూర్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్ళు బస చేశాడు. అక్కడ జనగణమన గీతాన్ని విద్యార్థుల ఎదుట పాడి, దానిని ఆంగ్లంలోకి అనువదించాడు. కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య, సంగీతజ్ఞురాలు అయిన మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి సిద్ధం చేసింది. విశ్వభారతిలో చదివిన తెలుగువారిలో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యుడు. ఆయన ఠాగూర్ రచనలను పెక్కింటిని తెలుగులోకి అనువదించాడు.

దక్షిణాది సంగీతం కూడా శాంతినికేతన్ చేరింది. మద్రాసు నుండి వచ్చిన సావిత్రి అనే విద్యార్థిని పాడిన కర్ణాటక కృతులను విని రవీంద్రుడు వాటి బాణీలలో బెంగాలీ పాటలు వ్రాశాడు. ముత్తుస్వామి దీక్షితుల "మీనాక్షి మే ముదం" కృతి ఆధారంగా కట్టిన వసంత గీతం వాటిలో ఒకటి.

విమర్శలు

ఆటపాటల వలన చదువు వెనుకబడుతుందన్న సందేహం తల్లిదండ్రులలో తొలినుండి ఉంది. విద్యార్థులు చివరకు విశ్వవిద్యాలయపు ప్రవేశ పరీక్షకు కూర్చోవలసి రావడంతో ఈ సందేహానికి బలం చేకూరింది. ఠాగూర్ మరణం (1941) తరువాత మరొక రకమైన విమర్శ వచ్చింది. ఆయన పాటలను స్వరలిపికి అణుమాత్రం తేడా లేకుండా పాడాలన్న నియమాన్ని విశ్వభారతి కఠినంగా అమలు చేసింది. 2001 చివరిలో గ్రంథస్వామ్య హక్కు ముగిసేవరకు ఈ నియంత్రణ సాగింది. ఈ పట్టుదల వలన బాణీలు చెడకుండా నిలిచాయని కొందరు, అచలాయతన్‌లో కూల్చిన గోడనే మళ్ళీ కట్టారని మరికొందరు అంటారు.

వర్తమాన స్థితి

1951లో విశ్వభారతి కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. పాఠభవన్‌లో నేటికీ తరగతులు చెట్ల క్రింద జరుగుతాయి. సంగీతం, నృత్యం, చిత్రలేఖనం పాఠ్యక్రమంలో భాగంగా ఉన్నాయి. విద్యార్థులు తమ రచనలను చదివి, పాడి, నటించే సాహిత్య సభలు కొనసాగుతున్నాయి. దుర్గాపూజ సెలవులకు ముందు శారదోత్సవంలో వివిధ శాఖల విద్యార్థులు, ఉపాధ్యాయులు నాటకాలు ప్రదర్శిస్తారు. 2023 సెప్టెంబరులో యునెస్కో శాంతినికేతన్‌ను ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది.