తేరునాటి చిల్లర

మా చిలమత్తూరు వైపు తిరునాళ్ళ అనే మాట తక్కువ. తేరు అంటాం. "తేరుకి పోయొచ్చినావా?" అని అడిగితే దేవుణ్ణి చూశావా అని కాదు, బొరుగులు తెచ్చావా అని అర్థం. తేరు కదిలే వీధికి రెండు పక్కలా గోనెపట్టాల మీద బొరుగుల గుట్టలు, పప్పులు, బత్తాసులు, చక్కిలాలు. వాటి వెనక చాటతో కూర్చునేది చాలాచోట్ల ఆడవాళ్ళే. గుడి కట్టించిన వారి పేరు శాసనాల్లో ఉంటుంది. ఆ గుడి ముందు చక్కిలాలు అమ్మిన ఆవిడ సంగతి ఎవరు రాస్తారు? అందుకని నాకు చేతనైనంత నేనే వెతుక్కున్నాను.

అన్నం అమ్ముకోవడం పాపమన్నారు మన పెద్దలు. అన్నారే గాని ఆకలి ఊరుకుంటుందా? కాకతీయుల ఓరుగల్లులో ఒక్క రూక ఇస్తే కూరలతో, పిండివంటతో, నేతితో భోజనం పెట్టే పూటకూటి ఇల్లు ఉన్నట్టు 'క్రీడాభిరామం' చెబుతోంది. అక్కణ్ణించి ఒక్క గెంతు వేసి 1892లో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం' దగ్గరికి రండి. అందులో వండిపెట్టి బతికే ఆవిడకు వృత్తే పేరైపోయింది, పూటకూళ్ళమ్మ! ఆవిడ ఇరవై రూపాయలూ గిరీశం మింగేస్తే, చీపురుకట్ట పట్టుకుని వచ్చింది. మనం ఆ చీపురుకట్టను చూసి నవ్వుతాం. ఇరవై రూపాయల మాట ఎవరికీ గుర్తుండదు.

మరి తేరులో అమ్మితే తప్పు లేకపోయిందేం? నాకు తోచిన కారణం మడి. నీళ్ళలో ఉడికిందానికి అంటు ఉంది. నూనెలో వేగిందానికీ, ఇసుకలో వేగిన బొరుగులకూ ఆ పట్టింపు తక్కువ. ఎవరు చేశారో అడక్కుండా కొనుక్కుని తినొచ్చు. తేరు తిండి అంతా వేపుళ్ళే కావడం రుచికోసమేనని నేను అనుకోను.

మా పొరుగున లేపాక్షి గుడి అచ్యుతదేవరాయల కాలం నాటిది, అంటే 1529కీ 1542కీ మధ్య. ఆ రోజుల్లో ఇక్కడ అమ్మిన కారాల్లో కారం ఏది? మిరప అమెరికా నుంచి వచ్చిన పంట. అప్పటికింకా మన మూలలకు చేరివుండదు. చెనిక్కాయా అక్కణ్ణించి వచ్చిందే. చెనిక్కాయ లేని అనంతపురం సీమను ఊహించుకోండి చూద్దాం! కారమంటే మిరియమే. కదిరి తేరు మీద భక్తులు నేటికీ దవనంతోబాటు మిరియాలు చల్లుతారు. ఆ రోజుల్లోనే విజయనగరానికి వచ్చిన నూనిజ్ అనే పోర్చుగీసు ఆయన ఓ చిత్రమైన సంగతి రాశాడు. రాజుగారి అంతఃపురంలో ఖర్చుల లెక్కలు రాసేది ఆడవాళ్ళేనట. లెక్కలు ఆడవాళ్ళకు రావనే వాళ్ళు కొంచెం వినండి.

ఇక మా వైపు పొయ్యిలో కాల్చిన తీపి బెంగుళూరు నుంచి వచ్చింది. హసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్లు 1898లో చిక్కపేటలో బేకరీ పెట్టారని చెబుతారు. గుడ్డు కలపని కేకులు గనక ఆచారాలవాళ్ళూ ధైర్యంగా కొన్నారు. ఆ రుచి మా పెద్దత్త నాలుక్కు పట్టింది. ఆవిడకు ఓవెనెక్కడిది? కుంపటి మీద మూకుడు, మూకుడులో ఇసుక, ఇసుకలో గిన్నె, మూత మీద నిప్పులు. డాల్డా, చక్కెర, మైదా కలిపి ఆ ఇసుకపొయ్యిలోనే నానకటాయిలు కాల్చేది. ఒక ఏడాది తేరుకి రెండు డబ్బాలు తీసుకెళ్ళి పొద్దు వాలకముందే ఖాళీ చేసుకొచ్చింది. "ఇంటి ఆడది వీధిలో కూచుని అమ్మడమేమిటి?" అని ఉదయం కేకలేసిన బావగారే, రాత్రి "ఎంతొచ్చింది?" అని చెయ్యి చాపారు. పెద్దత్త కొంగుముడి విప్పి ఇచ్చేసింది. డాల్డా డబ్బులు మాత్రం ఉంచుకుంది!

ఆయన పాపం కొత్తగా కనిపెట్టిన న్యాయం కాదది. పుట్టింటివారిచ్చింది స్త్రీధనం గాని, పెళ్ళయినావిడ చేతిపనితో సంపాదించింది మొగుడి అధీనమేనని కాత్యాయనస్మృతి ఏనాడో చెప్పింది. చీరె, నగ ఆవిడవి; కష్టం మాత్రం ఆయనది! ఈ ముడి విప్పింది 1956 హిందూ వారసత్వ చట్టం. దాని పద్నాలుగో సెక్షనులో, స్త్రీ తన నేర్పుతో, తన శ్రమతో సంపాదించిందీ ఆవిడ సొంత ఆస్తేనని స్పష్టంగా రాశారు. మా పెద్దత్త నానకటాయిలు ఆ చట్టం వచ్చిన చాలా ఏళ్ళకు అమ్మింది. అయినా చట్టం పుస్తకం చిలమత్తూరు తేరుకి ఎవరు మోసుకొస్తారు?

1982లో డ్వాక్రా పథకం వచ్చింది. తర్వాత్తర్వాత పొదుపు సంఘాలు ఊరూరా పాకాయి. బ్యాంకు మెట్లెక్కని ఆడవాళ్ళు పాసుపుస్తకాలు పట్టుకున్నారు. అప్పు సంఘం పేర వస్తుంది, చక్కిలాలు ఆవిడ చేస్తుంది, వాయిదా ఆవిడే కడుతుంది. అంతవరకు బాగానే ఉంది.

మొన్న తేరులో ఒకావిడ దగ్గర నిప్పట్లు కొన్నాను. చిల్లర లేదంటే, పప్పుల బుట్టకు కట్టిన అట్ట చూపించింది, ఫోనుతో కొట్టమని. కొట్టాను. తెరమీద ఓ మొగవాడి పేరొచ్చింది.

"ఎవరమ్మా ఈయన?" అన్నాను.

"మా ఇంటాయన" అంది, ఇంకో పొట్లం కడుతూ. "డబ్బు పడిందేమో చూడక్కా, ఫోను ఆయన దగ్గరే ఉంటుంది."