గడప లేని గుమ్మం

బ్రాడీపేటలో మాది గానుగసున్నంతో కట్టిన పాత ఇటుక ఇల్లు. మిద్దె బరువంతా గోడలే మోయాలి. అందుకే నాటి గుమ్మాలు ఇరుకు. వెడల్పాటి అద్దమూ అప్పట్లో అరుదే. దాన్ని ఇరువైపులా అరగదీసి మెరుగు పెట్టవలసివచ్చేది. కరిగిన తగరంపై గాజును తేల్చి పలకలుగా సాగదీసే పద్ధతిని ఇంగ్లండులో పిల్కింగ్టన్ సంస్థ 1959లో వెల్లడించాక ఆ శ్రమ తప్పింది. 2000లో మద్రాసు చేరువనున్న శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెయిన్ వారి కర్మాగారం మొదలైంది.

మొన్న మా అబ్బాయి పడమటి వీధిగోడ కొట్టించి, ఇనుపదూలం వేయించి, పక్కకు జరిగే గాజుతలుపులు పెట్టించాడు. వెలుతురు వచ్చింది, వెంటే గుంటూరు ఎండా వచ్చింది. గడప ఉన్నచోట అల్యూమినియం పట్టాలు మిగిలాయి.

శుక్రవారం మా ఆవిడ పసుపుగిన్నెతో అక్కడ కాసేపు నిలబడి, పెరట్లో పడేసిన టేకు గడపకే పసుపు రాసి వచ్చింది. తగరంపై తేలే గాజు కథ ఆమెకు చెప్పబోయి మానుకున్నాను.