పన్ను మార్చిన పానీయాలు : డబ్లిన్ నుంచి పల్నాడు దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని మన కార్యదర్శిగారు కోరారు. పల్నాడు అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం గుర్తుకొస్తాయి. వాటి గురించి పెద్దలు చాలా రాశారు. నేను జీవితమంతా డిమాండు రిజిస్టర్లు రాసినవాణ్ణి గనుక నాకు తెలిసిన దారిన, అంటే పన్నుల దారిన వస్తాను.

మా పెద్దమ్మాయి కొడుకు ఐర్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవురోజుల్లో ఇంట్లోనే "స్టౌట్" అనే నల్ల బీరు తయారు చేస్తాడట. మా ఇంటావిడ ఈ మాట విని "వీడు సారా కాస్తున్నాడా!" అని కంగారుపడింది. అది సారా కాదు. మనం పిల్లలకు రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తాం గదా, అక్కడ బార్లీని అలాగే చేస్తారు. దాన్ని వేడినీళ్లలో నానబెట్టి, ఆ తియ్యని నీటిని హాప్స్ అనే చేదు పూలతో మరిగించి, చల్లారాక ఈస్టు కలిపి పులియబెడతారు. బట్టీ పెట్టి ఆవిరి పట్టడం ఉండదు. కాఫీగింజల్లా మాడ్చిన బార్లీ కొంచెం కలపడం వల్ల ఆ నలుపు, తీపి లేని వగరు వస్తాయి.

ఆ నలుపు వెనుక కూడా ఒక పన్ను ఉంది. ఆర్థర్ గిన్నెస్ 1759 డిసెంబరు 31న డబ్లిన్‌లో సారాయి కాదు, బీరు తయారుచేసే కార్ఖానాను ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9,000 సంవత్సరాలకు కౌలుకు తీసుకున్నాడు. (మన సర్వీసులో 99 ఏళ్ల కౌలు చూసే ఆశ్చర్యపోయాం!) ఆ రోజుల్లో సర్కారు మొలకెత్తించిన బార్లీ మీద పన్ను వసూలు చేసేది. ఆ రాబడి తగ్గకుండా, మొలకెత్తించని గింజను బీరులో వాడరాదని నిషేధించింది. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన మొలకబార్లీని మాడ్చే యంత్రానికి పేటెంటు పొందాడు. కొద్ది గింజలతోనే నలుపు వచ్చింది. 1880లో గ్లాడ్‌స్టన్ ఆ పన్ను తీసివేసి బీరు మీదే పన్ను వేశాక, పన్ను కట్టని పచ్చి బార్లీని మాడ్చి వాడుకోవడానికి దారి ఏర్పడింది. అదే చట్టం ఇంట్లో తయారుచేసుకునేవారికి లైసెన్సు పెట్టింది. బ్రిటనులో ఆ లైసెన్సును 1963లో ఎత్తివేశారు. అమెరికాలో 1978 చట్టంతో ఇంటి బీరుకు అనుమతి వచ్చింది.

ఇక మన సంగతి. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టం కింద తాటిచెట్టుకు పన్ను, దుకాణానికి వేలంపాట. చెట్టు దొడ్లో ఉన్నా కల్లు సర్కారు అనుమతి మీదే. 1937లో రాజాజీ సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధం, యుద్ధకాలంలో ఆగి, 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా వ్యాపించింది. గీత పనివారి పొట్ట కొట్టినట్లయింది. గౌతు లచ్చన్నగారి నాయకత్వాన వారు సత్యాగ్రహం చేశారు. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తివేయమన్నది. ఆ వివాదం మీదనే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నిషేధం ఉన్నన్నాళ్లూ బెల్లం ఊట కుండలు పొలాల్లోకి, గడ్డివాముల చాటుకు చేరాయి. తర్వాత 1968 ఎక్సైజు చట్టం వచ్చింది, వేలంపాటలూ వచ్చాయి.

నేను పనిచేసిన ఒక తాలూకా కచేరీలో వేలంపాట రోజున పందిరి వేసేవారు. ఆ వారంలోనే ఆడవాళ్లు వేలిముద్రలతో అర్జీలు తెచ్చేవారు: మా ఊరికి సారా దుకాణం వద్దని. పాట మొత్తం ఎంతయిందో సాయంత్రానికి పైకి తెలియాలి. అర్జీలు మాత్రం "దాఖలు" అని రాసి కట్టలో పెట్టడమే. మన జీతాలు కూడా ఆ ఖజానా నుంచే వచ్చేవన్నది మరువరాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అర్జీ మానివేసి దుకాణానికే అడ్డం నిలిచారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్.టి.రామారావుగారు సంపూర్ణ నిషేధం తెచ్చారు. 1997లో దాన్ని సడలించారు, ఖజానా లోటు ముఖ్య కారణం. సారా మీద నిషేధం మాత్రం నిలిచింది.

డబ్లిన్ కుర్రవాడికి ఇంటి బీరు ఒక సరదా. మన పల్లెలో దొంగచాటు సారా ఒక కుటుంబం కూలిపోవడం. తేడా సరుకులో కొంత, కడుపు నిండినవాడు తాగడంలో కొంత. తయారీని శాసించినది రెండుచోట్లా రాబడే. మన రాష్ట్రంలో రాబడి ఒక్కసారి వెనక్కి తగ్గింది. దాన్ని తగ్గించినవారు చదువురాని ఆడవాళ్లు. మన దాఖలు కట్టల్లో ఉన్న వేలిముద్రలు వారి అక్కచెల్లెళ్లవే. ఈ చరిత్రను మనవలకు చెప్పేటప్పుడు ముఖ్యమంత్రుల పేర్లతోపాటు ఆ వేలిముద్రల సంగతీ చెప్పాలని నా మనవి.