సీసం అక్కర్లేని పడవ

సముద్రాలు దాటే సొంత యాట్ కావాలంటే బాగా డబ్బుండాలన్నది 1950ల నాటి ఇంగ్లండులో ఎవరూ కాదనని మాట. కాదన్నవాడొకడు మాంచెస్టర్‌లో ఉన్నాడు. పేరు జేమ్స్ వ్హారమ్, 1928లో పుట్టాడు. ఎరిక్ ద బిషప్ అనే ఫ్రెంచి నావికుడు హవాయిలో జంట పడవ కట్టుకుని, 1937లో బయల్దేరి ఫ్రాన్సు దాకా నడుపుకొచ్చిన వైనం చదివాక ఆయన మనసు పాలినీసియా వాళ్ల పడవల మీద పడింది.

యాట్‌కు అంత ఖర్చెందుకో ముందు చూడాలి. మామూలు యాట్ అడుగున కీల్ అనే లోతైన రెక్క ఉంటుంది, అందులో సీసమో ఇనుమో పోసి ఉంటుంది. గాలికి పడవ పక్కకు ఒరిగినా మళ్లీ నిలబెట్టేది ఆ బరువే. దాన్ని మోయడానికి పడవ ఒళ్లు దిట్టంగా ఉండాలి. అంత బరువు కదలాలంటే తెరచాప పెద్దదవ్వాలి. చాప పెరిగితే స్తంభం, దాన్ని పట్టి ఉంచే తీగలు, కప్పీలు అన్నీ లావెక్కాలి. ఒక్క సీసం దగ్గర మొదలైన ఖర్చు పడవంతా పాకుతుంది. అందుకే ఇన్ని అడుగులకు ఇంత అని వేసుకున్న అంచనా తప్పుతుంది. బరువును బట్టి వేసుకున్నది నిజానికి దగ్గరగా ఉంటుంది.

పాలినీసియా వాళ్లకు సీసం లేదు. రెండు సన్నటి పడవల్ని ఎడంగా ఉంచి అడ్డదూలాలతో కలిపారు. ఆ వెడల్పే పడవను నిలబెట్టింది. వ్హారమ్ పట్టుకున్నది ఈ సూత్రాన్నే. 1953-54లో ఇరవైమూడున్నర అడుగుల ‘టంగరోవా’ కట్టాడు. 1955లో ఇద్దరు జర్మన్ యువతులు, రూత్, యుటాలతో కలిసి ఫాల్మత్ నుంచి బయల్దేరి, అట్లాంటిక్ దాటి ట్రినిడాడ్ చేరాడు. అక్కడ నలభై అడుగుల ‘రోంగో’ కట్టేటప్పుడు ప్రఖ్యాత నావికుడు బెర్నార్ మ్వాటెస్యే కూడా చెయ్యి వేశాడు. 1959లో రోంగో న్యూయార్క్ నుంచి ఐర్లండుకు ఉత్తర అట్లాంటిక్‌ను దాటి వచ్చింది.

ఆ తర్వాతి పనే నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. 1960లలో ఆయన పడవలు కాదు, పడవల ప్లాన్లు అమ్మడం మొదలుపెట్టాడు. ప్లాన్‌తో పాటు సామాన్ల జాబితా ఉంటుంది: ప్లైవుడ్ ఎన్ని షీట్లు, కలప ఎంత, జిగురు ఎంత. కొనదలచినవాడు ఆ కాగితం పట్టుకుని తన ఊరి కలప డిపోకు వెళ్లి ధరలు రాసుకోవచ్చు. ఒక్క మేకు కొట్టకముందే లెక్క తేలుతుంది, చాలకపోతే చిన్న పడవకు దిగొచ్చు. అంతకుముందు అంచనా వేసే అధికారం షిప్‌యార్డ్ వాడిది. దాన్ని సామాన్యుడి చేతిలో పెట్టింది ఆ జాబితా.

ఖర్చు తగ్గింది ధర దగ్గర బేరమాడి కాదు, అక్కర్లేని పనిని మానేసి. పడవ అడ్డుకోతను ‘వి’ ఆకారంలో గీస్తే ప్లైవుడ్ షీటును ఉన్నదున్నట్టే వాడుకోవచ్చు. పలకల్ని ఆవిరి పట్టి వంచే నిపుణుడి కూలి మిగులుతుంది. 1963లో లండన్ ‘డైలీ మిర్రర్’ పత్రిక పేరు మీద వచ్చిన చిన్న పడవ ఈ పొదుపును ఇంకో మెట్టు ఎక్కించింది. ప్లైవుడ్ ముక్కల అంచుల్లో వరసగా బెజ్జాలు వేసి, రాగి తీగ దూర్చి, పట్టకారుతో మెలిపెడితే చాలు, బల్లపరుపు చెక్కలు లేచి పడవ రూపం పొందుతాయి. లోపలి మూలల్లో జిగురు పట్టించి పైన గ్లాసు టేపు అతికిస్తారు. వ్హారమ్, ఆయన సహచరి హన్నెక బూన్ 1980లలో గీసిన ‘టికీ’ పడవలకు ఈ కుట్టు పద్ధతే, ఎపాక్సీ జిగురుతో.

టికీలో అడ్డదూలాల్ని పడవలకు బోల్టులతో బిగించరు, తాడుతో కడతారు. తాడును దూలం చుట్టూ పలుమార్లు తిప్పి, ఆ చుట్లను మళ్లీ అడ్డంగా లాగి బిగిస్తారు. అల కొట్టినప్పుడు కట్టు కాస్త కదులుతుంది కాబట్టి జోరంతా ఒక్క బెజ్జం మీద పడదు. ఉత్తరాంధ్ర తీరంలో తెప్పల దుంగల్ని తాడుతో కట్టి అలల్లోకి దించే మత్స్యకారులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కట్టు విప్పితే పడవ ముక్కలుగా బండి మీద ఇంటికొస్తుంది, రేవు అద్దె కూడా మిగులుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. చెక్కపని ముగిశాక చాపలు, తాళ్లు, లంగర్లు, ఇంజను మిగిలే ఉంటాయి, వాటి ఖర్చు చెక్కను మించిపోవచ్చు. పైగా ఫ్రిజ్, నీళ్ల పంపు, ఇంకో బ్యాటరీ అంటూ చేర్చుకుంటూ పోతే, సీసం తీసేసి తగ్గించుకున్న బరువు ఇంకో దారిన లోపలికి వస్తుంది. చిన్న పడవతోనే సరిపెట్టుకోవచ్చనడానికి సాక్ష్యం ఉంది: ఇరవైయొక్క అడుగుల టికీని రోరీ మెక్‌డూగల్ అనే ఇంగ్లిషు యువకుడు స్వయంగా కట్టుకుని, 1991లో బయల్దేరి, 1997కల్లా భూగోళం చుట్టి వచ్చాడు.