స్నేహానికో ఉమ్మడి పద్దు

1963 జనవరి 22న పారిస్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ సంతకాలు చేసిన ఎలీజే ఒప్పందంలో పెద్దపీట విదేశాంగానిదీ, రక్షణదీ. ఆ పీట ఆరు నెలలు కూడా నిలవలేదు. మే నెలలో బాన్‌లోని పశ్చిమ జర్మనీ పార్లమెంటు ఒప్పందాన్ని ఆమోదిస్తూనే, అమెరికాతో మైత్రికీ నాటోకీ కట్టుబడి ఉంటామంటూ ముందు ఒక పీఠిక తగిలించింది. యూరప్‌ను అమెరికా నీడలోంచి పక్కకు లాగాలనుకున్న డిగాల్‌కు ఇది మింగుడుపడలేదు. ఒప్పందాలు కన్నెపిల్లల్లాంటివి, గులాబీల్లాంటివి, ఉన్నన్నాళ్లే ఉంటాయని విసుక్కున్నాడు. గులాబీలు పెంచడమంటే ప్రాణమైన అడెనావర్, ఆ మొక్క అంత తేలిగ్గా చచ్చేది కాదని బదులిచ్చాడు. ఎవరి మాట నెగ్గిందో తెలియాలంటే ఒప్పందం రెండో భాగంలో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక నిబంధన చూడాలి. యువజనుల రాకపోకలకు ఇరుదేశాలూ కలిసి ఒక సంస్థ పెట్టాలి, దానికి ఉమ్మడి పాలకమండలీ ఉమ్మడి నిధీ ఉండాలి అన్నది దాని సారం. ఆ ఏడాది జూలై 5న ఫ్రాంకో-జర్మన్ యువజన కార్యాలయం అలా పుట్టింది. ఇప్పటివరకూ 90 లక్షల మందికి పైగా యువతీయువకులు దాని డబ్బుతో సరిహద్దు దాటారు.

ఇదంతా ఇద్దరు మహానాయకుల ఔదార్యమని చెప్పడం రివాజు. నాయకులకంటే ముందే మామూలు మనుషులు ఆ పని మొదలుపెట్టారు. 1945లోనే జాన్ ద్యు రివో అనే జెసూట్ పాదరీ జర్మనీలోని ఒఫెన్‌బుర్గ్‌లో ఇరుదేశాల పరిచయానికి ఒక సంస్థ స్థాపించాడు. 1950లో లుడ్విగ్స్‌బుర్గ్, మోంబెలియార్ పట్టణాలు జంట పట్టణాలయ్యాయి. అలాగని మంచి మనసొక్కటే చాలనుకుంటే 1930 గుర్తు చేయాలి. ఆ ఏడు బ్లాక్ ఫారెస్ట్ కొండల్లోని సోల్‌బెర్గ్‌లో ఇరుదేశాల కుర్రాళ్లను ఒకచోట చేర్చినవాడు ఒట్టో అబెట్జ్ అనే యువ చిత్రలేఖన ఉపాధ్యాయుడు. చర్చలు జరిగాయి, స్నేహాలు కుదిరాయి. హిట్లర్ గద్దెనెక్కాక అదే అబెట్జ్ హిట్లర్ విదేశాంగ సలహాదారు రిబ్బెన్‌ట్రాప్ కొలువులో చేరాడు. ఆ స్నేహాలే ఫ్రాన్స్‌లో నాజీ ప్రచారానికి దారులయ్యాయి. 1940లో అతను ఆక్రమిత పారిస్‌కు జర్మనీ రాయబారిగా వచ్చాడు. ఒక పక్షం చెడిపోతే రెండో పక్షం అడ్డుకోగల ఏర్పాటేదీ సోల్‌బెర్గ్‌కు లేదు.

1963 నాటి ఏర్పాటు బలమంతా అక్కడే ఉందని నా వాదన. కార్యాలయానికి రెండు ప్రభుత్వాలూ సమానంగా సొమ్ము కడతాయి. పాలకమండలిలో రెండు దేశాలకూ సమాన స్థానాలు. శిబిరాలను ఎక్కువగా సంఘాలూ, బడులూ, ఆటల క్లబ్బులూ, పట్టణాలూ నడుపుతాయి. కార్యాలయం ఖర్చులో కొంత భరిస్తుంది. ఒక జర్మన్ పల్లెలోని హ్యాండ్‌బాల్ క్లబ్బు దరఖాస్తు పెట్టాలంటే అవతలి దేశంలో జోడీ క్లబ్బు ఉండి తీరాలి. ప్రయాణానికి దూరాన్ని బట్టి లెక్క, బసకు తలకు రోజుకింత. చూడ్డానికి గుమాస్తా వ్యవహారమే! కానీ పారిస్ ఒక్కటే, బాన్ ఒక్కటే దీన్ని తన బాకాగా మార్చుకోలేకపోవడానికి కారణం ఈ గుమాస్తాగిరీయే.

శాంతి తెచ్చింది కుర్రాళ్ల ప్రయాణాలా అని అడిగేవాళ్లున్నారు. కాదు, యూరప్ బొగ్గు-ఉక్కు సమాజమూ, నాటో, సోవియట్ భయమూ ఆ పని ముందే చాలావరకు చేశాయి. అయితే ప్రభుత్వాలు ఎడమొహం పెడమొహంగా ఉన్న రోజుల్లో ఏం మిగిలిందన్నది వేరే ప్రశ్న. 1965లో ఫ్రాన్స్ అలిగి యూరప్ ఆర్థిక సమాజపు మంత్రిమండలి సమావేశాలకు ఏడు నెలలపాటు రాకుండా కూర్చుంది. అప్పుడు కూడా యువజన కార్యాలయం మూతపడలేదు. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: ఇలాంటి ప్రయాణాలు చదువుకున్న ఇళ్ల పిల్లలకే ఎక్కువగా అందుతాయి. వృత్తివిద్య నేర్చుకునే పిల్లల కోసం కార్యాలయం ప్రత్యేక కార్యక్రమాలు పెట్టింది నిజమే, కానీ భాష రానివాడికి సరిహద్దు ఇప్పటికీ ఎత్తుగానే ఉంది. ఫ్రెంచి బడుల్లో జర్మన్ ఎంచుకునేవారి సంఖ్య దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చింది. అరవై ఏళ్ల నిధి దీన్ని ఆపలేకపోయింది. ఈ వైఫల్యాన్ని దాచి పొగడటం అనవసరం.

ఐనా నమూనా పనికొస్తుందని ఇతరులు ఒప్పుకున్నారు. 1991లో జర్మనీ, పోలండ్ ఇదే అచ్చులో మరో కార్యాలయం పెట్టుకున్నాయి. 2016లో అల్బేనియా, బోస్నియా, కొసొవో, మాసిడోనియా, మాంటెనెగ్రో, సెర్బియా ఆరూ కలిసి తిరానా కేంద్రంగా ప్రాంతీయ యువజన సహకార కార్యాలయం స్థాపించాయి. దాని పాలకమండలిలో ప్రతి పక్షం నుంచీ ఒక ప్రభుత్వ ప్రతినిధి, ఒక యువ ప్రతినిధి ఉంటారు. కొసొవోను దేశంగా గుర్తించని సెర్బియా కూడా ఆ బల్ల దగ్గర కొసొవోతో కలిసే కూర్చుంటోంది.