కారు ప్లాస్టిక్ భాగాలపై గీతల మరమ్మతు, మళ్లీ రంగు వేయడం

బంపర్లు, పక్క అద్దాల తొడుగులు, చక్రాల చుట్టూ ఉండే నల్లని అంచులు, తలుపుల అడుగు పట్టీలు వంటి కారు భాగాలపై పడిన గీతలను చదును చేసి, లోతైనవాటిని పూడ్చి, తిరిగి రంగు పూసే పనిని ప్లాస్టిక్ భాగాల మరమ్మతు అంటారు. ఇనుప రేకు మీద జరిగే డెంటింగ్, పెయింటింగ్ పనికి ఇది దగ్గరగానే కనిపించినా, రంగును పట్టుకొనే తీరు రెండింటిలో వేరు కాబట్టి పద్ధతులు మొదటి మెట్టులోనే విడిపోతాయి. బంపరుకు వేసిన రంగు కొన్ని నెలలకే పెచ్చులుగా లేచిపోతే, చాలా సందర్భాల్లో తప్పు రంగుది కాదు, దాని కింద జరగవలసి జరగని పనిది.

కారు బంపర్లలోకి ప్లాస్టిక్ ప్రవేశించింది 1960ల చివరలో. 1968 మోడల్ పాంటియాక్ జీటీవో కారుకు దాని బాడీ రంగులోనే ఉండి, తట్టుకుంటే వంగి తిరిగి యథారూపానికి వచ్చే ముందు బంపరును అమర్చారు. 1972లో ఫ్రాన్సులో వచ్చిన రెనో 5 కారు ఉక్కు బంపరును వదిలి ప్లాస్టిక్ బంపరుతోనే మార్కెట్లోకి వచ్చింది. కాలక్రమంలో ఈ భాగాలకు ఎక్కువగా స్థిరపడిన పదార్థం పాలీప్రొపిలీన్. ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టా 1954లో క్రమబద్ధమైన అణు నిర్మాణంతో దీనిని తయారుచేశాడు. కార్ల్ సీగ్లర్‌తో కలిసి 1963లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఈ పదార్థం చవక, తేలిక, చాలా ఆమ్లాలకు లొంగనిది. అయితే సులభంగా లొంగని ఆ గుణమే రంగు విషయంలో ఇబ్బందిగా మారుతుంది.

ఏ ద్రవమైనా ఒక ఉపరితలం మీద పరుచుకోవాలంటే ఆ ఉపరితలానికి ద్రవాన్ని తనవైపు లాగే శక్తి ఉండాలి. దీనినే ఉపరితల శక్తి అంటారు. పాలీప్రొపిలీన్‌కు ఇది మీటరుకు సుమారు 30 మిల్లీన్యూటన్లు మాత్రమే కాగా, అద్దాల తొడుగులకూ ముందు జాలీలకూ వాడే ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌కు 40 దాకా ఉంటుంది. అందువల్ల ఏబీఎస్‌ను గరుకు చేసి శుభ్రపరిస్తే రంగు చక్కగా అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ మీద మాత్రం, తామరాకు మీది నీటిలా, పూత ఉన్నట్టే ఉండి పట్టు లేకుండా ఉంటుంది. కర్మాగారాల్లో ఈ ఉపరితలాన్ని క్షణకాలం మంట చూపి రంగుకు అనువుగా మారుస్తారు. మరమ్మతు షాపుల్లో ఆ పని చేసేది అడ్హెషన్ ప్రమోటర్ అనే పలుచని, దాదాపు రంగులేని పూత. దానిలోని క్లోరిన్ కలిపిన పాలీవోలెఫిన్ ఒకవైపు ప్లాస్టిక్‌నూ మరొకవైపు ప్రైమరునూ పట్టుకొని వంతెనలా నిలుస్తుంది.

కాబట్టి భాగం ఏ ప్లాస్టిక్‌తో తయారైందో తెలుసుకోవడమే అసలు మొదలు. విప్పి లోపలివైపు చూస్తే బాణపు ములుకుల వంటి రెండు గుర్తుల మధ్య ఆ పేరు అచ్చుపోసి ఉంటుంది. ‘పీపీ ప్లస్ ఈపీడీఎం, టీడీ 20’ అని ఉంటే, రబ్బరు జాతి పదార్థంతో పాటు బరువులో 20 శాతం టాల్క్ పొడి కలిపిన పాలీప్రొపిలీన్ అని అర్థం. చిన్న ముక్క తీసి నీళ్లలో వేసి, తేలితే పాలీప్రొపిలీన్, మునిగితే ఏబీఎస్ అని తేల్చే అలవాటు కొందరిలో ఉంది. టాల్క్ ఎక్కువగా కలిపిన పాలీప్రొపిలీన్ కూడా మునుగుతుంది కనుక ఈ పరీక్షను నమ్ముకోకూడదు.

కడగడం ఎప్పుడూ రుద్దడానికి ముందే జరగాలి. మైనం, మెరుపు కోసం రాసిన సిలికాన్ పాలిష్ ఉపరితలం మీద ఉండగానే ఎమరీ పేపరుతో రుద్దితే, ఆ జిడ్డు గరుకు గాట్లలోకి దిగి తరువాత ఎంత తుడిచినా పోదు, రంగు వేశాక చేపకళ్ల వంటి గుంటలుగా బయటపడుతుంది. అందుకే సబ్బు నీళ్లతో కడిగి, ప్లాస్టిక్‌కు సరిపడే క్లీనరుతో తుడిచిన తరువాతే, గీత లోతును బట్టి 240 లేదా 320 నంబరు కాగితంతో మొదలుపెట్టి 600 దాకా వెళతారు. మెషీనుతో వేగంగా రుద్దితే రాపిడి వేడికి పాలీప్రొపిలీన్ మెత్తబడి నూగులా లేస్తుంది. నీళ్లతో తడుపుతూ చేత్తో నిదానంగా రుద్దడం దీనికి మంచి విరుగుడు.

లోతైన గాట్లను పూడ్చడానికి రేకు పనిలో వాడే మామూలు పుట్టీ పనికిరాదు. అది గట్టిపడి రాయిలా నిలుస్తుంది, బంపరు వంగినప్పుడు తాను వంగలేక పగులుతుంది. ప్లాస్టిక్‌తో పాటు వంగగల రెండు భాగాల ఫిల్లరు, లేదా చీలిక పడినచోట అదే ప్లాస్టిక్ కడ్డీతో వేడిగాలి వెల్డింగు సరైన మార్గాలు. ఆ పైన అడ్హెషన్ ప్రమోటర్, ప్రైమర్, రంగు, చివరగా క్లియర్ కోటు వరుసగా పడతాయి. ఒక్కో పూతను ఆరనిచ్చి, పలుచగా రెండు మూడుసార్లు కొట్టడం మేలు. తెలుగునాట ఎండాకాలంలో ఆరుబయట ఈ పని చేస్తే రంగు తుంపర భాగాన్ని చేరేలోపే ఆరి ఇసుకలా గరగరలాడుతుంది. వానాకాలపు తేమలో త్వరగా ఆరే లాకర్ల వంటి పూతలు తెల్లబారి మసకబారుతాయి. హార్డెనరు కలిపే క్లియర్ కోటులో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీల్చినవారికి ఉబ్బసం రావచ్చు, ఒకసారి వచ్చాక కొద్దిపాటి ఆవిరి తగిలినా తిరగబెట్టవచ్చు. ముక్కుకు గుడ్డ కట్టుకొని ఈ పని చేసే కార్మికులకు ఆ గుడ్డ ఏ రక్షణా ఇవ్వదు, బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు వారికి తప్పనిసరి.

రంగు వేయని, గరుకు అచ్చు ఉన్న నల్లని పట్టీల సంగతి వేరు. ఎమరీ పేపరు తగిలితే ఆ అచ్చు శాశ్వతంగా పోతుంది కనుక, వాటికి రంగు వేయకుండా ఉండడమే చాలాసార్లు మెరుగైన నిర్ణయం. ఒత్తిడికి ప్లాస్టిక్ తెల్లబారి ఏర్పడిన పైపై గీతలు హీట్ గన్‌ను దూరంగా కదుపుతూ వేడి చూపితే చాలావరకు కలిసిపోతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు అణు గొలుసులను తెంపడం వల్ల బూడిదరంగుకు తిరిగిన పట్టీలకు, వాటికోసమే తయారైన నల్లని పూత మందులు కొంతకాలం పనిచేస్తాయి.

భారతీయ మోటారు బీమా నిబంధనల్లో మార్చిన ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతాన్ని తరుగుగా మినహాయిస్తారు. ఆ తరుగును భర్తీచేసే అదనపు పాలసీ లేనివారు కొత్త బంపరు కన్నా మరమ్మతును ఎంచుకోవడానికి ఇది ఒక కారణం. ఈ ఎంపికకు ఒక హద్దు ఉంది. బంపరు వెనుక 77 గిగాహెర్ట్జ్ రాడార్ అమర్చిన కార్లలో, ఆ తరంగాలు దాటి వెళ్లే చోట ఫిల్లరు మందంగా ఉన్నా, పూతలు ఒకదానిపై ఒకటి పేరుకున్నా, లోహపు రేణువులున్న రంగు పడినా, ఎదుటి వాహనం దూరాన్ని రాడార్ తప్పుగా లెక్కించవచ్చు. అందువల్ల ఆ చోట వెల్డింగు, ఫిల్లరు పనిని చాలా మంది తయారీదారులు నిషేధించి, భాగాన్ని మార్చి రాడార్‌ను తిరిగి సరిచూడమంటారు.