సీడీ నుంచి కంప్యూటర్‌కు: పాట ఫైలుగా మారిన చరిత్ర

మీ ఇంటి అలమరలో పాత పాటల సీడీలు కొన్ని ఉండే ఉంటాయి. వాటిలోని పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించి భద్రపరచాలంటే ఆ పని వెనుక ఉన్న చరిత్ర కొంత తెలిసి ఉండాలి.

ఫిలిప్స్, సోనీ సంస్థలు 1980లో సీడీ ప్రమాణాలను నిర్ణయించాయి. 1982లో జపాన్‌లో సీడీ ప్లేయర్ల అమ్మకం మొదలైంది. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్ల సంఖ్యగా నమోదు చేస్తారు. కుడి, ఎడమ ధ్వనులకు వేర్వేరు సంఖ్యలుంటాయి. ఈ లెక్కన నిమిషం పాటకు సుమారు 10 మెగాబైట్ల చోటు కావాలి. 1983లో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీ కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్ మొత్తం సామర్థ్యమే 10 మెగాబైట్లు! ఒక్క నిమిషం పాటకే అది నిండిపోతుంది. సీడీలోని సంఖ్యలకు రహస్య సంకేతాల రక్షణ ఎందుకు లేదో దీన్నిబట్టి మీరు ఊహించవచ్చు.

1990లలో హార్డ్ డిస్కుల సామర్థ్యం పెరిగింది. కంప్యూటర్లకు సీడీ డ్రైవ్‌లు వచ్చాయి. అయితే ఒక చిక్కు ఎదురైంది. సీడీలో సెకనుకు 75 భాగాలు, ఒక్కో భాగానికి 2,352 బైట్లు ఉంటాయి. కంప్యూటర్ సమాచారం ఉన్న సీడీలో కొన్ని బైట్లను ప్రతి భాగం చిరునామాకూ, అదనపు తప్పుల సవరణకూ కేటాయిస్తారు. పాటల సీడీలో అన్నీ ధ్వనికే. అందువల్ల డ్రైవ్ చదివే చోటు కొంచెం అటూ ఇటూ అయితే పాట మధ్యలో టక్‌మని చప్పుడు వచ్చేది. చదివిన భాగాన్నే మళ్లీ చదివి, పోల్చి చూసే ప్రోగ్రాములు 1990ల చివర ఈ లోపాన్ని సరిదిద్దాయి.

అదే కాలంలో వ్యాపించిన ఎంపీ3 పద్ధతి, చెవి పసిగట్టలేని ధ్వనులను వదిలేసి ఫైలును పదో వంతుకు తగ్గించగలిగింది. కానీ వదిలేసినది తిరిగి రాదు. 2001లో వచ్చిన ఫ్లాక్ పద్ధతిలో ఏదీ పోదు. భద్రపరచడానికి అదే తగినది.

మరొక లోటు కూడా ఉంది. చాలా పాటల సీడీలలో పాట పేరుగానీ, గాయకుల పేరుగానీ నమోదై ఉండదు. అవి కవరు మీదే ఉంటాయి. కవరు పోతే కంప్యూటర్‌లో మిగిలేది ‘ట్రాక్ 01’ మాత్రమే. 1902లో కలకత్తాలో గ్రామఫోన్‌కు పాడిన గౌహర్ జాన్, పాట చివర తన పేరు తానే చెప్పేవారు. ఆ పేరు నేటికీ పాటతోపాటే వినిపిస్తుంది.

మన కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ వ్యక్తిగత వినియోగానికి సముచితమైన మేరకు అవకాశం ఇచ్చింది. ఇతరులకు పంచడానికి కాదు. కాబట్టి మీ కోసం పాటను దాచుకునేటప్పుడు గాయకులు, స్వరకర్త, సంవత్సరం కూడా ఫైలులో రాయండి. పాట దక్కి పాడినవారి పేరు పోతే, చరిత్ర సగమే దక్కినట్లు.